మెసొపొటేమియా న్యాయసంహితలు: పరిహారం, ప్రతీకారం

ప్రాచీన మెసొపొటేమియా న్యాయసంహిత అనగానే హమ్మురాబి పేరు, 'కంటికి కన్ను' అనే సూత్రం స్ఫురిస్తాయి. అయితే లభ్యమైన లిఖిత సంహితల్లో మొదటిది అది కాదు. సుమేరియన్ భాషలోని ఊర్-నమ్ము సంహిత క్రీ.పూ. 2100 ప్రాంతానికి చెందినది. నిప్పూరులో లభించిన మట్టిపలకలో శామ్యూల్ నోవా క్రామర్ దీనిని 1952లో గుర్తించారు. హత్యకు మరణశిక్ష విధించిన ఈ సంహిత, దేహగాయాలకు వెండి రూపంలో పరిహారాన్ని నిర్ణయించింది. ఎదుటివాని ఎముకను దుడ్డుకర్రతో విరిచినవాడు 1 మినా, అంటే సుమారు అరకిలో వెండి చెల్లించాలి.

మూడు శతాబ్దాలకు పైగా గడిచాక, అక్కాడియన్ భాషలో వెలువడిన హమ్మురాబి సంహిత కంటికి కన్నునే శిక్షగా విధించింది. అదైనా బాధితుడు ఉన్నత పౌరవర్గంవాడైతేనే. 'ముష్కేనుం' అనే దిగువ వర్గంవాడైతే 1 మినా వెండి, బానిస అయితే అతని వెలలో సగం చెల్లిస్తే చాలు.

కాబట్టి న్యాయభావన ప్రతీకారం నుండి పరిహారానికి క్రమంగా పరిణమించిందనే సూత్రీకరణను ఈ కాలక్రమం సమర్థించదు. పైగా, హమ్మురాబి కాలపు తీర్పు పలకలు ఈ నియమాలను దాదాపుగా ఉదాహరించవు. అందువల్ల ఈ సంహితను రాజు తన న్యాయనిష్ఠను చాటుకున్న ప్రకటనగా పలువురు పరిశోధకులు భావిస్తారు. సంహితలోని నియమాన్ని సమాజ ఆచరణగా గ్రహించే ముందు దానిని తీర్పు పలకలతో సరిచూడటం ఆవశ్యకం.