విమానము నేర్పువారి విద్య

బసంతనగరునందలి పాత విమానతలమునుగూర్చి తరగతిలో మాటలాడుచుండగా ఒక బాలుడు, "అయ్యా, విమానము నడుపుట నేర్పువారికి నేర్పువా రెవరు?" అని యడిగెను. కొందఱు నవ్విరి గాని ప్రశ్న మంచిది. మా కెఱుకపడినంతవఱకు సమాధాన మిచట వ్రాయుచున్నాము.

గనిలో ఎంత పని నేర్చినవాడైనను, ధన్‌బాదునందలి గనుల భద్రతా శాఖవారి పరీక్షలో నెగ్గి పత్రము పొందనిదే మైనింగు సర్దారు కాజాలడు. గోదావరిఖని పిల్లల కిది క్రొత్త సంగతి కాదు. ఆకసమునను నియమ మిట్టిదే. మన దేశమున 200 గంటలు విమానము నడిపి వాణిజ్య వైమానికుని లైసెన్సు పొందినవాడు సైతము, బోధకుని అర్హతను వేఱుగ సంపాదింపక యితరులకు నేర్పరాదు. మొదట సహాయ బోధకుడై, పెద్ద బోధకుని పర్యవేక్షణలో నేర్పి, పిమ్మట పూర్తి బోధకుడగును.

ఈ కట్టుబాటు అనుభవమువలన పుట్టినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున పలువురు యువకులు శిక్షణలోనే మరణించిరి. 1917లో ఇంగ్లండునందలి గాస్పోర్టున రాబర్టు స్మిత్-బారీ యను సైనిక వైమానికుడు బోధకులకే యొక పాఠశాల నెలకొల్పెను. అపాయకరమైన స్థితినుండి తొలగియుండుట మాత్రమే గాక, దానినుండి బయటపడుటయు శిష్యునకు నేర్పవలెనని యాతని మతము. మన వాయుసేన 1948లో అంబాలాయందు బోధకుల పాఠశాలను స్థాపించి, 1954లో తాంబరమునకు మార్చెను. హైదరాబాదు చెంత దుండిగల్ అకాడమీవంటి చోట్ల యువకులకు నేర్పు బోధకులు ఇట్టి శిక్షణ పొందినవారే.

ఇక బోధకుడు నేర్వవలసిన దేమి? సెస్నావంటి చిన్న విమానమున శిష్యుడు ఎడమప్రక్కను, గురువు కుడిప్రక్కను కూర్చుందురు. కావున ఇన్నాళ్లు ఎడమనుండి నడిపినవాడు కుడినుండి మరల అభ్యసింపవలెను. చేయి చేయు పనిని నోరు అదే క్షణమున చెప్పవలెను. మాట వెనుకబడిన శిష్యుడు తికమకపడును.

అన్నిటికంటె కష్టమైనది ఓర్పు. విమానపు ముక్కు మితిమీఱి పైకెత్తినచో, రెక్కలకు గాలి యాసరా తప్పి విమానము దిగజాఱును. బెదరిన శిష్యుడు మీటను ఇంకను వెనుకకు లాగును. చేయవలసినది ముందునకు నెట్టుట. గురువు తొందరపడి సరిదిద్దిన శిష్యుడు నేర్వడు. ఆలసించిన ఇరువురకును ముప్పు. అందుచేతనే ఈ పాఠమును చాలినంత యెత్తున చెప్పుదురు. గురువు "ఇక నేను నడిపెదను" అనగానే శిష్యుడు చేతులు తీయవలెను.

తుద కొకనాడు గురువు విమానము దిగి శిష్యుని ఒంటరిగ పంపును. ఆ మొదటి ఒంటరి ప్రయాణమునకు అనుమతి నిచ్చు అధికారము సహాయ బోధకునికి లేదు. ఎప్పుడు దిగవలెనో తెలియుటయే యీ విద్యకు తుదిమెట్టు.

లెక్క తప్పిన పిల్లవాని చేతినుండి సుద్దముక్కను లాగికొను అలవాటు మాకును గలదు. ఈ వ్యాసము వ్రాయుచు దానికి సిగ్గుపడితిమి. ఇకమీదట మఱికొంతసేపు చేతులు కట్టుకొని నిలువ యత్నింతుము.