ఆ క్యాసెట్లో తాతయ్య గొంతుంది!

పండక్కి అటక సర్దుతుంటే పాత వీడియో కెమెరా బ్యాగు బయటపడింది. లోపల ఓ బుల్లి మినీ డీవీ క్యాసెట్టు. దానిమీద అమ్మ చేతిరాత... 'బుజ్జిగాడి అన్నప్రాసన, 2003'. ఆ బుజ్జిగాడు ఇప్పుడు ఉద్యోగస్తుడు. వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్న తాతయ్య మాత్రం లేరు. ఆయన గొంతు మిగిలింది ఈ ఒక్క క్యాసెట్లోనే!

ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. ప్లే నొక్కితే... తెరంతా గళ్లు గళ్లు. మాట తెగిపోతోంది. 'అంతా పోయింది' అనుకుంటున్నారా? ఆగండి. తెరమీద కనిపించే ప్రతి లోపమూ నష్టం కాదు. కంగారులో మనం చేసే పనులతోనే అసలు ప్రమాదం.

ముందు తాళం

క్యాసెట్టు అంచున చిన్న మీట ఉంటుంది. దాన్ని 'సేవ్' వైపు జరపండి. ఇక పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరిగిపోదు. టేపుమీద తెల్లగా బూజు కనిపిస్తే మాత్రం కెమెరాలో పెట్టనే వద్దు. పాత టేపులు బాగుచేసేవారికి ఇవ్వడమే మేలు. ఏళ్లతరబడి బ్యాగులో ఉన్న బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టకండి. అడాప్టర్‌తో నడపండి.

చెమ్మతో జాగ్రత్త

ఏసీ గదిలోని కెమెరాను ఒక్కసారిగా ఉక్కపోతలోకి తెస్తే చల్లటి గ్లాసుకు పట్టినట్టే లోపలా చెమ్మ పడుతుంది. టేపు అతుక్కుని నలిగిపోవచ్చు. నీటిచుక్క గుర్తు కనిపిస్తే క్యాసెట్టు తీసి, కెమెరా ఆపి, మూత తెరిచి గంటసేపు వదిలేయండి.

గళ్లెందుకు?

కెమెరాలో చిన్న డ్రమ్ము నిమిషానికి 9,000 సార్లు తిరుగుతుంది. దానిమీది హెడ్లే టేపును చదువుతాయి. వాటికి కాస్త మురికి అంటినా బొమ్మ గళ్లుగా విరుగుతుంది. మరో క్యాసెట్టు పెట్టి చూడండి. అదీ అలాగే ఉంటే హెడ్లనే అనుమానించాలి. క్లీనింగ్ క్యాసెట్టును దానిమీద రాసినంతసేపే... సాధారణంగా పది సెకన్లు... తిప్పితే చాలు. పుల్లకు దూది చుట్టి లోపల పొడిస్తే హెడ్లు విరుగుతాయి!

రెండో క్యాసెట్టు బాగానే ఆడిందా? మీ టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టి చూడండి. అరవై నిమిషాల టేపులో తొంభై నిమిషాలు పట్టించే 'ఎల్‌పీ' పద్ధతిలో తీసింది అయితే, తీసిన కెమెరాలోనే అది చక్కగా ఆడుతుంది. అందుకే పాత కెమెరాను పారేయకండి.

ఇవి జబ్బులు కావు

బల్బు దగ్గర తెల్లటి నిలువుగీత కనిపిస్తే బెంగపడొద్దు. అప్పటి సీసీడీ కెమెరాలకు అది మామూలే. ట్యూబులైటు వెలుగులో చారలు పాకుతున్నాయా? మన కరెంటుకు ఆ దీపం సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. కెమెరా షట్టర్ వేగం దానితో కుదరకపోతే ఆ చారలు. ఇప్పుడు కొత్తగా తీసేటప్పుడు షట్టర్‌ను 1/50 లేదా 1/100కి మారిస్తే సరి.

ఫోనుతో తీసేవారికీ ఓ మాట... ఊరేగింపుల్లో లేజర్ లైటు సూటిగా లెన్సులో పడితే సెన్సర్‌మీద శాశ్వతంగా మచ్చ మిగలొచ్చు. దాన్ని ఎవరూ తుడవలేరు.

ఆడిన రోజే...

టేపు బాగా ఆడిన రోజే కంప్యూటర్లోకి ఎక్కించండి. గంట టేపుకు దాదాపు 13 జీబీ చోటు కావాలి. ఇందుకు వాడే ఫైర్‌వైర్ పోర్టు కొత్త కంప్యూటర్లలో ఉండదు కాబట్టి ఆ పనిచేసే స్టూడియో చూసుకోండి. రెండు కాపీలు తీసి, రెండు చోట్ల ఉంచండి. క్యాసెట్టును మొదటికి చుట్టి, డబ్బాలో నిలువుగా, స్పీకర్లకు దూరంగా పొడిచోట పెట్టండి.

ఆ తర్వాత తాపీగా కూర్చుని ప్లే నొక్కండి. తాతయ్య మిమ్మల్ని పేరుపెట్టి పిలుస్తారు!