మధ్యచెవి ఇరుగుపొరుగు

పిల్లలకు చెవి కారితే గోరువెచ్చని నూనె నాలుగు చుక్కలు వేసి దూది పెట్టడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. చీము బయటికొస్తోందంటే చాలాసార్లు కర్ణభేరికి చిల్లు పడినట్టే. అప్పుడు ఆ నూనె తిన్నగా దిగేది మధ్యచెవిలోకి.

మధ్యచెవి అంటే కర్ణభేరికి అవతల ఉన్న గాలి గది. ఎత్తు సుమారు 15 మిల్లీమీటర్లు, నడుమ వెడల్పు మాత్రం 2 మిల్లీమీటర్లే. కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడెముకలూ ఇందులోనే గొలుసుకట్టుగా ఉంటాయి. మన ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక అంకవన్నె, 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వీటి పని చిన్నది కాదు. లోపలి చెవి నిండా ద్రవమే. గాలిలో వచ్చిన శబ్దం నేరుగా ద్రవాన్ని తాకితే దాదాపు అంతా వెనక్కి మళ్లిపోతుంది. కర్ణభేరి మీద పడిన బలాన్ని అందులో 17వ వంతు వైశాల్యమే ఉన్న అండాకార కిటికీ (లోపలి చెవి ద్వారం) మీదికి చేర్చి, ఈ ఎముకలు ఒత్తిడిని సుమారు 20 రెట్లు పెంచుతాయి.

ఇంతవరకు బడి పుస్తకంలో ఉన్నదే. అందులో అంతగా కనిపించనివి ఈ గది గోడలు. పైకప్పు పలచని ఎముక రేకు, దాని మీద మెదడు పొరలు. నేల కింద తలలోని రక్తాన్ని గుండెకు దించే జుగులార్ సిర. ముందుగోడను ఆనుకుని మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని. లోపలిగోడ వెంట, సన్నని ఎముక గొట్టంలో, ముఖాన్ని కదిలించే నాడి. కొందరిలో ఆ గొట్టం అక్కడక్కడ తెరుచుకునే ఉంటుంది.

వెనకగోడ నుంచి దారి మాస్టాయిడ్ ఎముకలోకి. చెవి వెనక తడిమితే తగిలే గట్టి ఉబ్బు అదే. లోపల తేనెపట్టులా గాలి అరలు. చీము అక్కడికి పాకితే చెవి వెనక వాచి, చెవి ముందుకు పొడుచుకొస్తుంది. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఇది ప్రాణాలు తీసిన జబ్బు.

ఇంతకీ చీము పట్టించే సూక్ష్మజీవులు మధ్యచెవిలోకి వచ్చేది ఎక్కువగా ముక్కు, గొంతుల నుంచే. ముక్కు వెనక భాగాన్నీ మధ్యచెవినీ కలిపే యూస్టేషియన్ నాళం పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసిన పిల్లలకే చెవిపోటు తరచుగా రావడం అందుకే.

చెవి కారే బిడ్డకు చెవి వెనక వాపు, మూతి వంకర, కళ్లు తిరగడం, జ్వరంతో విపరీతమైన తలనొప్పి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.