‘కాదు’ అనేవాడు లేని రాజ్యం

చైనాలో 1959-61 మధ్య కోట్ల మందిని బలిగొన్న కరవు నిరంకుశాధికారం గురించి ఏం చెబుతోంది?

నియంత అనగానే జైళ్లు, తుపాకులు, కూడళ్లలో నిలువెత్తు విగ్రహాలు గుర్తొస్తాయి. అవి పైకి కనిపించే గుర్తులు మాత్రమే. నియంతృత్వాన్ని పోల్చుకోవాలంటే ఒక ప్రశ్న వేసుకోవాలి. పాలకుడితో ‘మీరు చేస్తున్నది తప్పు’ అని చెప్పి, మర్నాడు కూడా తన కొలువులో, తన ఇంట్లో నిశ్చింతగా ఉండగలిగినవాడు ఆ దేశంలో ఉన్నాడా? లేకపోతే పార్లమెంటు, రాజ్యాంగం ఉన్నా, అయిదేళ్లకోసారి ఓట్లు పడుతున్నా అది నియంతృత్వమే. అక్కడ మొదట ప్రజల నోరు పోతుంది, ఆ వెంటే పాలకుడి చూపు పోతుంది. తనకు నచ్చని నిజం తనదాకా రాని పాలకుడు ఎంత తెలివైనవాడైనా దేశాన్ని గోతిలోకే నడిపిస్తాడు. గత శతాబ్దంలో ఇందుకు పెద్ద రుజువు చైనా.

పదిహేనేళ్లలో ఉక్కు ఉత్పత్తిలో బ్రిటన్‌ను దాటాలన్న సంకల్పంతో మావో జెడాంగ్ 1958లో ‘గ్రేట్ లీప్ ఫార్వర్డ్’ మొదలుపెట్టారు. ఊళ్లను కలిపి కమ్యూన్లు చేశారు. పొలంలో ఉండాల్సిన కోట్లమందిని పెరటి కొలిముల్లో ఇనుము కరిగించే పనికి మళ్లించారు. గింజలు తింటున్నాయని పిచ్చుకల్ని చంపించారు. దిగుబడి ఎక్కువ చూపిన అధికారికి మెప్పు, ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడికి ‘మితవాది’ అనే ముద్ర. అందుకే లెక్కలు పోటీపడి పెరిగాయి. ఆ ఏడాది 37.5 కోట్ల టన్నుల ధాన్యం పండిందని ప్రకటించారు. తర్వాత సవరించి చూస్తే అది 20 కోట్ల టన్నులే. అయితే లెవీ మాత్రం కాగితం మీది పంటను బట్టి వసూలైంది. రైతు తిండిగింజలే కాదు, విత్తనాలు కూడా గోదాములకు తరలిపోయాయి. 1959లో పల్లెలు పస్తులుంటుంటే దాదాపు 40 లక్షల టన్నుల ధాన్యం విదేశాలకు ఎగుమతి అయింది.

దిద్దుకునే అవకాశం ఒకసారి వచ్చింది. 1959 జులైలో లూషాన్ కొండమీద పార్టీ నాయకులు సమావేశమైనప్పుడు, కొరియా యుద్ధంలో చైనా సేనలను నడిపిన రక్షణమంత్రి పెంగ్ దెహువై మావోకు ఉత్తరం రాశారు. సాధించిన ఫలితాలను మెచ్చుకున్నాకే అతిశయోక్తి లెక్కల గురించి, తొందరపాటు గురించి హెచ్చరించారు. మావో ఆ ఉత్తరాన్ని అందరికీ పంచి, పెంగ్‌ను పార్టీ వ్యతిరేక ముఠా నాయకుడిగా నిలబెట్టారు. ఆయన పదవి పోయింది. దేశమంతటా ‘మితవాదుల’ వేట మొదలైంది. రక్షణమంత్రికే ఆ గతి పట్టాక జిల్లా అధికారి నోరెలా విప్పుతాడు? హెనాన్ రాష్ట్రం షిన్యాంగ్‌లో ఆకలిచావుల వార్త బయటికి పొక్కకుండా దారులు కాపలా కాశారు, ఉత్తరాలు ఆపేశారు. అక్కడే సుమారు పది లక్షల మంది చనిపోయారు. దేశం మొత్తమ్మీద మృతులు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉంటారని పరిశోధకుల అంచనాలు. ఆ కరవులోనే తండ్రిని పోగొట్టుకున్న జర్నలిస్టు యాంగ్ జిషెంగ్ లెక్క ప్రకారం 3.6 కోట్లు. లక్షలమంది కార్యకర్తలకు నిజం కళ్లముందే ఉంది. దాన్ని పైకి మోసుకెళ్లే దారే లేకపోయింది.

‘మంచి నియంత దొరికితే?’ అని అడిగేవారున్నారు. అవినీతితో, ఆఫీసుల నత్తనడకతో విసిగిపోయినవారి ఆవేదనలో అబద్ధం లేదు. తర్వాతి కాలంలో చైనా సాధించిన అభివృద్ధినీ వారు చూపిస్తారు. కానీ ఆ అభివృద్ధి మావో మరణం తర్వాత, 1978 నుంచి మొదలైంది. రైతు కుటుంబాలకు సాగు మీద హక్కు తిరిగిచ్చి, ఒక్కరి మాటే శాసనమనే పద్ధతిని సడలించాకే అది సాధ్యమైంది. 1982 రాజ్యాంగం దేశాధ్యక్ష పదవికి రెండు దఫాల హద్దు కూడా పెట్టింది. 2018లో ఆ హద్దును తొలగించారు. నియంత మంచివాడే అనుకున్నా, ఆ మంచితనం ఎప్పుడు అడుగంటిందో చెప్పేవాడు ఉండడు, చెప్పినా ఆపేవాడు ఉండడు.

మరో అభ్యంతరం ఇంకా బరువైనది. ప్రజాస్వామ్య భారతంలో ఆకలి లేదా? ఉంది. పత్రికలు, ఎన్నికలు ఉన్నచోట పెద్ద కరవులు రావని వాదించిన అమర్త్యసేన్ కూడా, మనదేశంలో నిత్యం సాగే పోషకాహార లోపాన్ని, నివారించదగ్గ మరణాలను గట్టిగా ఎత్తిచూపారు. కరవు పతాక శీర్షిక అవుతుంది, రోజువారీ అర్ధాకలి కాదు. అయితే ఆ లోపాన్ని బయటపెట్టి పోరాడే దారి ఇక్కడ తెరిచి ఉంది. ఆహార హక్కు కోసం 2001లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకెళ్లింది. బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆ కేసులోనే కోర్టు ఆదేశించింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. ఫలితం చాలదనవచ్చు, కానీ ఆ కేసు వేసినందుకు ఎవరినీ దేశద్రోహులని జైల్లో పెట్టలేదు.

ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో మనమూ చూశాం. 1975 జూన్ 25న విధించిన ఎమర్జెన్సీ 21 నెలలు సాగింది. పత్రికలకు సెన్సారు, అధికారులకు టార్గెట్లు. 1976-77లో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, ఎన్నో బలవంతంగా. విచారణ లేకుండా జైల్లో పెట్టినా కోర్టుకెళ్లే హక్కు లేదని సుప్రీంకోర్టు తీర్పిస్తే, కాదని రాసింది జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే. ఆయనకు దక్కాల్సిన ప్రధాన న్యాయమూర్తి పదవి జూనియర్‌కు వెళ్లింది. 1977లో ఓటరు ఆ పాలనను దించాడు. ఏ పరిస్థితిలోనూ జీవించే హక్కు కోసం కోర్టుకెళ్లే దారి మూసేయకుండా 1978లో 44వ సవరణ అడ్డుకట్ట వేసింది.

కాబట్టి నాయకుడెంత సమర్థుడని అడిగితే చాలదు. ఆయన తప్పును తప్పన్న న్యాయమూర్తి, విలేకరి, అధికారి, ప్రతిపక్ష సభ్యుడు ఎంత భద్రంగా ఉన్నారని అడగాలి. వారిని వేధిస్తున్నది మనం ఓటేసిన పార్టీ అయినా అడగాలి. నచ్చిన నాయకుడి విషయంలో ఆ ప్రశ్న మానుకున్నవాళ్లే నిరంకుశాధికారానికి తొలి అనుమతి ఇస్తారు.