ఉర్దూలో ఉన్నత విద్య: ఆజాద్ విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టర్

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లల్లో ఒక చర్చ మొదలవుతుంది. అబ్బాయిని ఏ కాలేజీలో చేర్పించాలి? అమ్మాయిని ఇంకా చదివించాలా, ఇక చాలా? ఈ చర్చలో ఎన్నో కాలేజీల పేర్లు వినిపిస్తాయి. హైదరాబాద్‌లోనే ఉన్న ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పేరు మాత్రం అరుదుగా వినిపిస్తుంది. అదే గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం. అక్కడ ఒక సెమిస్టర్ ఎలా గడుస్తుందో, అందులో మన పిల్లలకు ఏముందో ఈ వారం చూద్దాం.

ఉర్దూలో ఉన్నత విద్య హైదరాబాద్‌కు కొత్త కాదు. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం భారతీయ భాషను బోధనా మాధ్యమంగా చేసుకున్న తొలి ఆధునిక విశ్వవిద్యాలయం. అక్కడి దారుల్ తర్జుమా వైద్యం, ఇంజనీరింగ్ గ్రంథాలను సైతం ఉర్దూలోకి తెచ్చింది. 1948 తర్వాత ఆ మాధ్యమం మారిపోయింది. అర్ధ శతాబ్దం గడిచాక పార్లమెంటు చట్టం ద్వారా 1998 జనవరి 9న ఈ కొత్త విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉర్దూ భాషాభివృద్ధి, ఉర్దూలో వృత్తి, సాంకేతిక విద్య, స్త్రీ విద్యకు ప్రత్యేక ప్రాధాన్యం దాని ధ్యేయాలు. మొదట దూరవిద్యతో ప్రారంభమై, 2004 నుంచి తరగతి గది చదువులు మొదలుపెట్టింది.

పిల్లల రాకతో మారే ఆవరణ

వర్షాకాలంలో కొత్త సెమిస్టర్ మొదలవుతుంది. బీహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, కాశ్మీర్ నుంచి పెట్టెలు మోసుకుని వచ్చే పిల్లలకు మన తెలంగాణ, రాయలసీమ పిల్లలు తోడవుతారు. భాష ఒకటే అయినా పలుకు వేరు. లక్నో పద్ధతిలో మాట్లాడే విద్యార్థి మన దక్కనీ 'నక్కో' విని మొదట నవ్వుతాడు. నెల తిరిగేసరికి తానే 'హౌ' అనడం నేర్చుకుంటాడు. హాస్టల్ భోజనశాలలో రొట్టె కావాలనేవారికీ అన్నం లేనిదే కడుపు నిండదనేవారికీ మధ్య సర్దుబాటు కుదరడానికి ఇంకొంత కాలం పడుతుంది. ఇవి చిన్న విషయాలే. కాని ఇల్లు దాటి ఎరుగని పిల్లవాడికి నలుగురితో కలిసి బతకడం నేర్పేవి ఇవే.

ఇక చదువు విషయం. ఉర్దూ విశ్వవిద్యాలయం అనగానే కవిత్వం, గజళ్లు మాత్రమే ఉంటాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కంప్యూటర్ సైన్స్‌లో బి.టెక్., ఎం.సి.ఎ., ఎం.బి.ఎ., బి.ఎడ్., జర్నలిజం, సోషల్ వర్క్, స్త్రీ విద్యా అధ్యయనం వంటి కోర్సులన్నీ ఉన్నాయి. మదర్సాలో చదివి వచ్చినవారు గణితం, విజ్ఞానశాస్త్రాల వైపు మళ్లేందుకు బ్రిడ్జి కోర్సులు ఉన్నాయి. పాఠ్యపుస్తకాలను ఉర్దూలో సిద్ధం చేయడానికి ప్రత్యేక విభాగం పనిచేస్తోంది. దారుల్ తర్జుమా ఒకప్పుడు చేసిన పనికి ఇది కొనసాగింపు అని చెప్పవచ్చు.

నవంబర్ వచ్చిందంటే ఆవరణలో సందడి. 1888 నవంబర్ 11న మక్కాలో జన్మించిన మౌలానా అబుల్ కలాం ఆజాద్ స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి. ఆయన పదవిలో ఉండగానే 1951లో ఖరగ్‌పూర్‌లో తొలి ఐ.ఐ.టి. ప్రారంభమైంది. ఆయన జన్మదినాన్ని 2008 నుంచి దేశమంతా జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకుంటోంది. ఆ సందర్భంగా ఇక్కడ వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్ పోటీలు, ముషాయిరాలు జరుగుతాయి. వేదిక ఎక్కడానికి జంకే ఆడపిల్ల మైకు ముందు నిలబడి తన మాట చెప్పడం మార్కుల జాబితాలో కనిపించదు. అయినా సెమిస్టర్ సాధించిన ఫలితాల్లో దాన్ని కూడా లెక్కించాలి. ఆ తర్వాత పరీక్షలు, గ్రంథాలయంలో రాత్రి దాకా వెలిగే దీపాలు!

సాధించినవి

జాతీయ మదింపు సంస్థ నాక్ ఈ విశ్వవిద్యాలయానికి 2009లో 'ఎ' గ్రేడు, 2022లో 'ఎ ప్లస్' గ్రేడు ఇచ్చింది. బెంగళూరు, దర్భంగాలతో పాటు మన కడపలోనూ పాలిటెక్నిక్ వెలిసింది. ఫలక్‌నుమాలో మోడల్ స్కూలు నడుస్తోంది. సివిల్స్ పరీక్షలకు వసతితో కూడిన శిక్షణ కేంద్రం ఉంది. ఇల్లు విడిచి రాలేని ఆడపిల్లలకు దూరవిద్య ఉండనే ఉంది. పెళ్లయ్యాక ఆగిపోయిన చదువును అందుకోవడానికి ఇంతకంటే అనువైన మార్గం ఏముంటుంది?

మన గడపలో ఉన్న అడ్డంకి

అయితే తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలు ఇక్కడ ఒక విషయం గమనించాలి. రెగ్యులర్ కోర్సుల్లో ప్రవేశానికి అభ్యర్థి ఉర్దూను ఏదో ఒక స్థాయిలో మాధ్యమంగా గాని, పాఠ్యాంశంగా గాని చదివి ఉండాలి, లేదా గుర్తింపు ఉన్న మదర్సా నుంచి వచ్చి ఉండాలి. కోస్తా జిల్లాల్లో, పల్లెల్లో ఉంటున్న మన పిల్లలు ఎందరో ఇంట్లో తెలుగే మాట్లాడతారు. నూర్‌బాషా కుటుంబాల్లోనైతే తరతరాలుగా తెలుగే మాతృభాష. నగరంలోనూ అమ్మీ అబ్బాతో ఉర్దూలో మాట్లాడే పిల్లలు ఆ లిపిని చదవలేకపోతున్నారు. పదో తరగతిలో ఉర్దూ తీసుకోలేదన్న ఒక్క కారణంతో ఇంత పెద్ద తలుపు వారి ముందు మూసుకుపోవడం విచారకరం.

తప్పు తెలుగుది కాదు. తెలుగు మన భాష. ఆ భాషలోనే ఈ నాలుగు మాటలూ రాసుకుంటున్నాం. దానికి తోడు మరో లిపి నేర్చుకుంటే పిల్లలకు పోయేదేమీ లేదు. తెలంగాణలో 2017లో రాష్ట్రమంతటికీ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూకు రెండో అధికార భాష హోదా లభించింది. ఆ హోదా కాగితం మీద మిగిలిపోకుండా ఉండాలంటే బడిలో ఉర్దూ అడిగే తల్లిదండ్రులు ఉండాలి, చెప్పే ఉపాధ్యాయులు ఉండాలి. ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి కదా అనే ప్రశ్న న్యాయమైనదే. ఇంగ్లీషును వదిలేయమని ఎవరూ అనడం లేదు. రెండూ నేర్చినవాడికి అవకాశాలు రెండు వైపులా ఉంటాయి.

కాబట్టి నిర్ణయం ఇంటర్ అయ్యాక కాదు, పిల్లలు ఆరో తరగతిలో ఉన్నప్పుడే తీసుకోవాలి. బడిలో ఉర్దూ ఉందేమో కనుక్కోండి. లేకపోతే నలుగురు తల్లిదండ్రులు కలిసి ప్రధానోపాధ్యాయుడిని అడగండి. మస్జిదులో సాయంత్రం ఖురాన్ పారాయణం నేర్చే పిల్లలకు అరబీ అక్షరాలు ఎలాగూ వస్తాయి; మరికొన్ని అక్షరాలు కలిపితే ఉర్దూ చదవడం పెద్ద కష్టం కాదు. ఈ కొద్దిపాటి శ్రమ మనం ఇప్పుడు పడితే, వచ్చే ఏళ్లలో గచ్చిబౌలి ఆవరణలో సెమిస్టర్ మొదలయ్యే రోజున గుంటూరు, ఖమ్మం, కర్నూలు పిల్లలు కూడా ఎక్కువ సంఖ్యలో కనిపిస్తారు.