వెలుగుగల మందిరములో తెర



1978లో వచ్చిన 'కరుణామయుడు' చిత్రాన్ని మన పల్లెల్లో రాత్రివేళ ఆరుబయట తెల్లగుడ్డ కట్టి చూపేవారు. అప్పుడు చీకటే తెరకు తోడు. నేడు తెర మందిరములోనికి వచ్చింది. కీర్తనలు, వాక్యము దానిమీదనే చూపుచున్నారు. పైన ట్యూబులైట్లు వెలుగుతుంటే అక్షరాలు వెలవెలబోతాయి. వెనుక కూర్చున్న వృద్ధులు పాడలేక ఊరకుంటారు. ఇంకా పెద్ద ప్రొజెక్టరు కొనుటకు చందా ఎత్తకముందు కారణము తెలిసికొందాము.

ప్రొజెక్టరు వెలుగును పంపగలదు గాని నలుపును పంపలేదు. మనకు నల్లగా కనబడేది దాని వెలుగు పడని తెరభాగమే. అక్కడ ట్యూబులైటు పడితే నలుపు బూడిదరంగవుతుంది. లెక్క చూడండి. 3000 ల్యూమెన్ల ప్రొజెక్టరు 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తుగల తెరపై సుమారు 670 లక్సుల వెలుగునిస్తుంది. పైదీపాలవలన తెరపై 220 లక్సులు పడితే, తెలుపు నలుపుకంటే 4 రెట్లే ప్రకాశిస్తుంది. ఆ 220ని 35కు తగ్గిస్తే 20 రెట్లు!

పైవెలుగును అడ్డుకొనే తెరలు కూడా ఉన్నవి. వాటిపై సన్నని గాట్లుంటాయి. పైనుండి పడే వెలుగును గాట్ల నల్లని పైఅంచు మ్రింగివేస్తుంది, క్రిందనుండి వచ్చేదానిని క్రిందిఅంచు సభవైపు పంపుతుంది. అందుచేత తెరదగ్గర క్రింద ఉంచే ప్రొజెక్టరుకే అవి తగును. పైకప్పుకు బిగించినదైతే దాని వెలుగును కూడా మ్రింగివేస్తాయి. ఖరీదు కూడా ఎక్కువే.

మెరుపు తెరల సంగతి అమరచింత నేతకుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. పట్టుచీర ఒకవైపునుండి చూస్తే మెరుస్తుంది, మరొకవైపునుండి చూస్తే మసకబారుతుంది. అట్లే ఈ తెర ఎదుటివారికి ప్రకాశిస్తుంది, ప్రక్కలవారికి మసకగా ఉంటుంది. స్త్రీలు ఒకప్రక్క, పురుషులు ఒకప్రక్క కూర్చుండే మన వెడల్పాటి మందిరాలకు మామూలు తెల్లతెరే మేలు.

కాబట్టి మేము చెప్పేది ఇది. తెరకు దగ్గరనున్న లైట్లకు వేరే స్విచ్చి పెట్టించండి. పాటవేళ వాటిని మాత్రమే ఆర్పండి. సభపైని దీపాలు వెలుగనివ్వండి, బైబిలు చదువుకొనేవారికి అవి కావలెను. తెరపై కిటికీ ఎండ పడకుండా పరదా వేయండి. తెల్లని తెరపై నల్లని పెద్ద అక్షరాలు, ఒకసారికి నాలుగైదు వరుసలు చాలును.

ఆ తరువాత కూడా చాలకుంటేనే కొత్తది కొనండి. కొనేముందు పగటివేళ, లైట్లన్నీ వేసి, చివరి వరుసలోని అవ్వచేత చదివించి చూడండి. ఆమె చదవగలిగితే సంఘమంతా చదవగలదు.