జక్కవలు కలుసుకునే నీళ్లు

మార్గశిరపు మంచు ఇంకా విడిపోని వేళ. ఎల్లారెడ్డి దాటి నాగిరెడ్డిపేట మీదుగా మెదక్ వైపు సాగే దారిలో, టేకులూ మోదుగలూ ఒత్తుగా కమ్ముకున్న గుట్టల నడుమ పోచారం జలాశయం మెల్లమెల్లగా బయటపడుతుంది. మొదట అంతా బూడిదరంగు తెర. దాని వెనక ఉన్నది నీరో ఆకాశమో పోల్చుకోలేం. కాసేపటికి తూర్పున లేత గులాబీ చార ఒకటి పాకుతుంది. అది నీళ్లలోకి దిగి, నారింజగా మారి, పసుపుగా విచ్చుకుని, చివరికి కరిగిన బంగారమై ఒడ్డుదాకా సాగి అలల మడతల్లో నిలుస్తుంది. అప్పుడు వినిపిస్తుంది ఆ పిలుపు, ముక్కుతో పలికినట్టు, ఆర్తిగా: ఆంగ్... ఆంగ్... ఈ గట్టు నుంచి ఒకటి, ఆవలి గట్టు నుంచి మరొకటి.

అవి జక్కవలు.

ఒళ్లంతా కాషాయం కలిసిన ఇటుకరంగు. తల దగ్గరికి వచ్చేసరికి అది పలచబడి లేత మీగడరంగులోకి జారిపోతుంది. నీటి మీద తేలుతున్నంతసేపూ నిరాడంబరంగా ఉన్న పక్షి ఒక్కసారి రెక్క విప్పిందా, దాచుకున్న వర్ణాలన్నీ బయటపడతాయి. తెల్లని పట్టీ, దాని వెంట మెరిసే ఆకుపచ్చ, అంచుల్లో కాటుక నలుపు! లడఖ్, టిబెట్, మధ్య ఆసియా పీఠభూముల చలిని విడిచి, చలికాలం గడపడానికి ఇవి దక్షిణాదికి దిగివస్తాయి. చాలావరకు జంటలుగానే కనిపిస్తాయి.

పొద్దుగూకితే ఈ జంట శాపవశాన విడిపోయి చెరో గట్టున చేరుతుందని, తెల్లవార్లూ ఒకదాన్నొకటి పిలుచుకుంటూ అలమటించి, సూర్యోదయంతో మళ్లీ కలుసుకుంటుందని మన కావ్యాలు తరతరాలుగా చెబుతూ వచ్చాయి. నిజానికి ఏళ్ల తరబడి వీడని జంట ఇది. రాత్రివేళ కూడా మేతకు తిరిగే పక్షులు కాబట్టి, చీకట్లో కానరాని తోడును గొంతుతో వెతుక్కుంటాయి. కవులు విన్నది ఆ పిలుపునే అయి ఉంటుంది. శాపమేదీ లేకపోయినా ఆ గొంతులో ఆర్తి మాత్రం ఉంది. పోచారం కట్ట మీద ఒక తెల్లవారుజామున నిలబడితే మీకే తెలుస్తుంది.

మంజీరలో కలిసే ఆలేరు వాగుకు అడ్డంగా 1916లో మొదలుపెట్టి 1922లో పూర్తిచేసిన కట్ట ఇది. చుట్టూ ఉన్న అడవి ఒకనాడు నిజాం వేటాడిన నేల. నేడు సుమారు 130 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. జక్కవలతోపాటు ఇక్కడికి తల మీద రెండు నల్లని పట్టీలున్న బూడిదరంగు బాతులూ వస్తాయి. అవి హిమాలయాల మీదుగా 7,000 మీటర్లకు పైన కూడా ఎగిరినట్టు నమోదైంది. పలచని గాలిలోంచి సైతం ప్రాణవాయువును ఒడిసిపట్టే నెత్తురు వాటిది. ఆ ఏడు పుట్టిన పిల్లలు తల్లిదండ్రులను వీడకుండా తొలి శీతాకాలం గడుపుతాయి.

జక్కవలు కలిసే ప్రయాణం చేస్తాయి. పసిఫిక్ మహాసముద్రంలో మరో పక్షి కథ ఇంకా విచిత్రం. మిడ్‌వే దీవులు, చుట్టూ అంతులేని నీలం. అక్కడి లేసన్ ఆల్బట్రాస్ రెండు మీటర్ల రెక్కలు చాచి, దాదాపు ఆడించకుండానే గాలిమీద జారుతూ నెలల తరబడి ఒంటరిగా తిరుగుతుంది. దాని తోడు మరెక్కడో. నవంబరు రాగానే రెండూ వేర్వేరు దిక్కుల నుంచి అదే దీవికి, అదే గూటి దగ్గరికి చేరుకుంటాయి. ముక్కులు టకటకలాడించి, ఆకాశానికి మెడలు చాచి, తలలు ఊపుతూ నాట్యమాడతాయి. తర్వాత ఒకే ఒక్క గుడ్డు. దాన్ని రెండు నెలలపాటు వంతులవారీగా పొదుగుతాయి. వాటిలో విజ్డమ్ అనే ఆడపక్షి కాలికి శాస్త్రవేత్త చాండ్లర్ రాబిన్స్ 1956లో కడియం వేశారు. 2002లో మళ్లీ ఆయన చేతికే అది చిక్కింది. చాలా ఏళ్లు తోడున్న మగపక్షి కనిపించకుండా పోయాక, డెబ్బై దాటిన వయసులో అది 2024లో కొత్త తోడుతో గుడ్డు పెట్టింది. ఈ సృష్టిలో ఇంతటి నిరీక్షణకు చోటుందని తెలిసినప్పుడు నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

మన మంజీరలోనూ అలాంటి దీవులున్నాయి. సంగారెడ్డి దగ్గరి అభయారణ్యంలో పుట్టిగడ్డ, బాపనగడ్డ వంటివి. ఒడ్డున మొసళ్లు ఎండ కాగుతుంటే, కొమ్మల్లో నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి. మగపక్షి పుల్లలు తెస్తే ఆడపక్షి పేర్చుకుంటుంది. నడుమ సందున్న ఆ వింత ముక్కులు నత్తగుల్లల పని పట్టడానికి పుట్టినవి.

ఈ జంటలు కోరేది అంత గొప్ప వరమేమీ కాదు. నిశ్శబ్దమైన నీరు, మనిషి అడుగుపడని చిన్న గడ్డ, అంతే. పోచారం వెళ్లేవారు కట్ట మీదనుంచే చూడండి. పడవల్లో గుంపులోకి చొరబడకండి, మైకులు మోగించకండి, తెగిన నైలాన్ వలలూ ప్లాస్టిక్ సంచులూ నీళ్లలో వదలకండి. ఎండలు ముదిరేలోగా జక్కవలు ఉత్తరానికి లేచిపోతాయి. డిసెంబరు, జనవరి ఉదయాలే చూడటానికి అనువైనవి.